ఎక్కువ సైటేషన్లు వచ్చిన సుబ్బారావు, పేరే లేని సుబ్బారావు

పులివెందుల నుంచి పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, రెండేళ్లు కష్టపడి పేపర్ వేస్తే మూడే సైటేషన్లు వచ్చినాయి. ఇంక నేనేం రీసర్చర్ని?" అని. తమ్ముడూ, నీకోసం ఈరోజు వందేళ్ల కిందటి కథ ఒకటి చెప్తా.

సైటేషన్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. నీ పేపర్‌లో ఉన్న విషయాన్ని ఇంకొకరు వాడుకుని, వాళ్ల పేపర్‌లో "ఇది ఫలానావాళ్ల దగ్గర తీసుకున్నాం" అని నీ పేరు రాస్తే, అది ఒక సైటేషన్.

కథ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ గారి పిలుపుతో ఖద్దరు గౌను వేసుకుంటే, తెల్ల ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ సర్టిఫికెట్ చేతికొచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్‌లో హార్వర్డ్‌కి పోయినారు. ఖర్చులకి ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని కూడా చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్ ల్యాబ్‌లో చేరారు.

1925 డిసెంబర్. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఇద్దరి పేర్లతో 26 పేజీల పేపర్ వచ్చింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. శాంపిల్‌లోంచి ప్రోటీన్ తీసేసి, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఇంకో కెమికల్ వేస్తే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే!

మరి ఇందులో గొప్పేముంది? నేను కోడ్ రాసే రోజుల్లో చూసిన సంగతి చెప్తా. యాప్ పేరు ఊరంతా తెలుస్తుంది. లోపల ఇంపోర్ట్ చేసిన చిన్న లైబ్రరీ మాత్రం వెయ్యి యాప్‌లలో పని చేస్తుంటుంది. ఫిస్కే-సుబ్బారావు మెథడ్ ఆ లైబ్రరీ లాంటిది. ఎముకల మీద, కిడ్నీల మీద, కండరాల మీద, ఆఖరికి మొక్కల మీద పని చేసేవాళ్లకి కూడా ఫాస్ఫరస్ కొలవాల్సి వచ్చేది. కొలిచిన ప్రతివాళ్లూ ఆ పేపర్ పేరు రాశారు. ప్రపంచంలో అత్యధికంగా సైట్ అయిన పేపర్ల లిస్టులు వేస్తే, దశాబ్దాల తర్వాత కూడా 1925 నాటి ఈ పేపర్ అందులో కనపడింది.

ఇప్పుడు అసలు మలుపు. ఆయన చేసిన పనుల్లో ఇదే పెద్దది అనుకుంటే పొరపాటే. అదే పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తూ 1927లో ఫాస్ఫోక్రియేటిన్ గురించి, 1929లో ఏటీపీ గురించి ఫిస్కేతో కలిసి రాశారు. ఏటీపీ అంటే మన ఒంట్లో ప్రతి కణం ఖర్చు పెట్టే ఎనర్జీ కరెన్సీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని ప్రకటించాడు. హార్వర్డ్‌లో సుబ్బారావుతో కలిసి పని చేసి, తర్వాత నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట అన్నాడు: సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఫిస్కే వాటిని బయటికి రానివ్వలేదు అని. పేపరే రాకపోతే సైటేషన్ ఎక్కడినుంచి వస్తుంది?

హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి మారి, రీసర్చ్ డైరెక్టర్ అయినారు. అక్కడి టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. 1945లో వచ్చిన పేపర్‌లో పదిమందికి పైగా రచయితలు, ఆ వరుసలో మధ్యన ఎక్కడో ఈయన పేరు. ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా లెడర్లేలోనే తయారైంది. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే, 10 మందిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. కీమోథెరపీ చరిత్రలో పెద్ద మెట్టు. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు లేరు. అదే ఏడాది ఆగస్టులో 53 ఏళ్లకే చనిపోయారు.

జమ్మలమడుగు పక్క పల్లెలో గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. ప్రొద్దుటూరు మెడికల్ షాపులో కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్, అమినోప్టెరిన్‌కి తమ్ముడు. వీటిని మింగినవాళ్లెవరూ సైటేషన్ రాయరు కదా!

ఇంకో తమాషా. సైటేషన్లు లెక్కపెట్టే ఇండెక్స్‌ని యూజీన్ గార్ఫీల్డ్ 1964లో తెచ్చాడు. హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. అంటే తన స్కోర్ ఎంతో సుబ్బారావు ఎన్నడూ చూసుకోలేదు. ఆయన మెథడ్ కూడా ఎంత మామూలైపోయిందంటే, ఇప్పటి ఆటో ఎనలైజర్లలో మాలిబ్డేట్ అయితే ఉంది గానీ, సీరం ఫాస్ఫరస్ రిపోర్టు మీద ఆయన పేరు ఉండదు. జనం మరీ ఎక్కువగా వాడేస్తే సైటేషన్లు తగ్గుతాయి, పెరగవు! నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద స్కోర్ అనిపిస్తుంది.

సరే, తమ్ముడికి పనికొచ్చే మాట ఒకటి. సుబ్బారావు ఇంటిపేరు యల్లాప్రగడ. కానీ ఇండెక్సుల్లో "సుబ్బారావు వై" అని తిరగేసి ఉంటుంది, అదీ ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులతో. ఇక మన పులివెందులలో ఎంతమంది రెడ్లు ఉన్నారో నీకు చెప్పాలా? "రెడ్డి వి" అని కొడితే ఎవరి పేపర్ ఎవరి ఖాతాలో పడిందో దేవుడికే తెలియాలి. ఆర్కిడ్ అని ఒక ఐడీ ఉంది, 2012 నుంచి ఫ్రీగానే ఇస్తున్నారు. ఈ రాత్రికే తీసుకో. తర్వాత పేపర్‌లో నీ పేరు ఏ స్పెల్లింగుతో వేశావో చూసుకుని, ఇకమీదట అదే వాడు. ఆ మూడు సైటేషన్లు ఎవరు ఇచ్చారో కూడా తెరిచి చదువు. నీ పద్ధతి వాడుకున్నారా, ఊరికే లిస్టులో పేరు పెట్టినారా? అది చూసి నాకు మళ్లీ మెసేజ్ పెట్టు.