కరువు పని నుండి పని హక్కు వరకు

విజ్జేశ్వరము లాకు నుండి తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు గోదావరి నీరును, విజయవాడ నుండి వచ్చు కృష్ణ నీరును ఏలూరులో కలసికొనుచున్నవి. ఆ కాలువగట్టున నడచునప్పుడు మనకు పంట జ్ఞప్తికి వచ్చును గాని, తట్టలతో ఆ మట్టిని మోసిన కూలివాడు జ్ఞప్తికి రాడు. దుర్దినములు వచ్చినప్పుడు వానికి పని చూపినవారెవరు? ఇచ్చిన కూలి వాని కడుపు నింపినదా? ఈ ప్రశ్నలతో మన ప్రాంతపు చరిత్రను ఒకమారు తిరుగవేయుదము.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున గోదావరి మండలము మిక్కిలి చితికిపోయినది. 1832-33లో నందన కరువు వచ్చినది. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెత్తినది. అంతకు పూర్వమే కుంపిణీవారు వస్త్రపు కొనుగోళ్లను మానివేయగా, సీమబట్టల తాకిడికి నేతవారి మగ్గములు మూలపడినవి. 1821లో 7 లక్షల 38 వేలుగానున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారినది. కొందరు మరణించిరి, కొందరు వలసపోయిరి. ఈ దుస్థితిని విచారించుటకు 1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించిరి. పిమ్మట ఆర్థర్ కాటన్ సూచించిన ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. మొదటి యేటనే పదివేలమంది కూలీలు అచట పనిచేసిరి. ఆ నిర్మాణము నాడు కూలి నిచ్చినది. పిదప ఏటేట ఊడ్పులకు, కోతలకు పని కల్పించినది. కష్టకాలమున చేసిన వ్యయము వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అయితే పని చూపుట ఒకటి, బ్రదుకదగిన కూలి నిచ్చుట మరియొకటి. 1876-78 నాటి ధాత కరువులో డెల్టా పంట నిలిచినది; మెట్టప్రాంతముల జనులు ఇటు తరలివచ్చిరి. తక్కిన రాజధానిలో లక్షలాది జనులు కరువు పనులలో చేరగా, వ్యయము తగ్గింప వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకు, ఒక అణాకు తగ్గించెను. దినమెల్ల మన్ను మోయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము కూలిని పెంచక తప్పినది కాదు. ఆ అనుభవమునుండి 1880 నాటి కరువు కమీషను, 1883 నాటి కరువు నిబంధనావళి పుట్టినవి. శక్తి గలవారికి పని, శక్తి లేనివారికి ఊరికడనే ఉచిత సహాయము అను సూత్రము స్థిరపడినది. కాని అది ప్రభుత్వము పూనిన ధర్మమే గాని, కూలివాడు అడుగదగిన హక్కు కాదు.

తరువాతి ఆపద వానలు లేక వచ్చినది కాదు. 1929లో ప్రపంచమెల్ల ఆర్థికమాంద్యము క్రమ్మినది. పంట పండినను ధాన్యపు ధర కొలది యేండ్లలో సుమారు సగమునకు పడిపోయినది. అదే కాలమున కృష్ణా, గోదావరి జిల్లాలలో భూమిశిస్తును రూపాయికి మూడణాల వంతున పెంచ నిశ్చయించిరి. రైతులు సభలు చేసిరి, ఎన్.జి.రంగా మొదలగువారు ఆందోళనము నడపిరి. తుదకు 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును చేసినది. అసలునకు రెండింతలు చెల్లించినవాని ఋణము తీరినట్లే యని ఆ చట్టము పలికినది. ఎన్నియో కుటుంబములకు అది ప్రాణము పోసినది.

ఇచట మనము ఒక్క మాటపై నిలువవలెను. ఆ చట్టము దృష్టిలో వ్యవసాయదారుడనగా భూమిలో హక్కు గలవాడు, లేదా కౌలుదారు. సెంటు భూమిలేని పాలేరు, దినకూలి అందులో లేరు. రైతు చేతిలో డబ్బాడనప్పుడు ముందుగా తగ్గునవి కూలి దినములే గదా! సంక్షోభపు బరువు అందరిపై పడినది. ఉపశమనము మాత్రము పత్రము గలవాని గుమ్మమువద్దనే ఆగినది. 1948 నాటి కనీస వేతనముల చట్టము వ్యవసాయకూలిని లెక్కలోనికి తెచ్చినను, కూలిరేటు నిర్ణయించినంతమాత్రమున పని దొరకదు.

పనినే హక్కుగా చేసిన చట్టము 2005లో వచ్చినది. గ్రామీణ కుటుంబమునకు ఏటికి నూరు దినముల పని, అడిగిన పదునైదు దినములలో చూపనిచో భృతి. 2006 ఫిబ్రవరిలో అది అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనది. అదే యేట కొల్లేటిలో అభయారణ్యపు హద్దులలోని చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. సరస్సు బ్రదుకవలెనన్న అది అవసరమే. కాని ఆ చెరువులపై కూలిచేసిన లంకగ్రామములవారికి పనిహామీ ఇంకను అందలేదు. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలకు ఆ చట్టము 2008 ఏప్రిలులో గాని రాలేదు. 2025లో పార్లమెంటు దాని స్థానమున 125 దినములతో మరియొక చట్టమును ఆమోదించినది.

దినములు నూరైనను నూటయిరువదియైదైనను, మన చరిత్ర నేర్పు కొలత యొక్కటే. ఆపద గడచిన పిదప చేయు సంస్కరణము భూమిపత్రము లేనివాని గడపను సకాలమున చేరినదా? చేరినచో అది సంక్షేమము. కాలువ తుది చేనుకు నీరందినప్పుడే గదా తడి పారినదని మనము అనుకొందుము!