వంట పద్ధతి ఎవరిది, పేరు ఎవరికి: చినపరిమి నుంచి కాకినాడ దాకా

కాకినాడ కోటయ్య కాజా మూలాలు వెతికితే దారి చుండూరు, తెనాలి వైపుకే తిరుగుతుంది. కోటయ్య తెనాలి ప్రాంతపు చినపరిమి నుంచి 1891లో కాకినాడకు వలస వెళ్ళారని చెబుతారు. లోపల గుల్లగా ఉండి, కొరకగానే పాకం చిమ్మే గొట్టం కాజా ఆయన పేరుతోనే నిలిచింది. తాపేశ్వరం మడత కాజా ఘనత పోలిశెట్టి సత్తిరాజుకు దక్కింది. బీహార్‌లో సిలావ్ ఖాజాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిండిని వేయించి పాకం పట్టడం ఇన్నిచోట్ల ఉన్నప్పుడు, ఒకరిని చూసి ఇంకొకరు చేయడాన్ని దొంగతనం అనలేం. నేర్చుకోవడమంటేనే అది.

చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. 1957 కాపీరైట్ చట్టం రాతను కాపాడుతుంది గాని పద్ధతిని కాదు. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’లోని వాక్యాలను ఎత్తి రాసుకోవడం తప్పు, అందులో చూసి వండుకుని, సొంత మాటల్లో మరొకరికి చెప్పడం తప్పు కాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కాపాడేది పేరును. 2017లో బందరు లడ్డుకు, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు దక్కిన రక్షణ అలాంటిదే. పూతరేకులు ఎక్కడైనా చేయవచ్చు, ఆత్రేయపురం పేరు మాత్రం తగిలించకూడదు. పైగా ఆ గుర్తింపు ఉత్పత్తిదారుల సంఘానికో సంస్థకో వస్తుంది. రేకు తీసే ఆడమనిషి పేరు ఆ పత్రాల్లో ఉండాల్సిన పని లేదు.

చట్టం ఆగినచోట నైతిక బాధ్యత మొదలవుతుంది. మొట్టమొదట చేసిందెవరో తేల్చడం చాలాసార్లు అసాధ్యం. నాకు నేర్పిందెవరో మాత్రం నాకు తెలుసు. కాబట్టి పేరు చెప్పాల్సింది ముందుగా ఆ దగ్గరి గురువుకే అని నా వాదన. అత్తగారి దగ్గర గోంగూర పచ్చడి పాళ్ళు నేర్చుకుని సీసాలకెత్తి అమ్మే కోడలికీ, కూలి ఇచ్చి పచ్చళ్ళు పట్టించే యజమానికీ ఇది సమానంగా వర్తిస్తుంది. కూలి ఇచ్చేశాం కదా అనే సమాధానం చాలదు: కూలి ఆ పూట శ్రమకు, పేరు పచ్చడి పట్టినామె నైపుణ్యానికి.

1991 ఆగస్టు 6న దళితుల ఊచకోత జరిగిన చుండూరులో నిలబడి పేరు ఎవరికి అనే ఈ ప్రశ్న వేస్తే, కులాన్ని పక్కన పెట్టడం కుదరదు. ఎండబెట్టిన మాంసం కూరను, గిన్నెలో గడ్డకట్టించిన నెత్తురు వేపుడును తక్కువచేసి చూసిన సమాజమే, రేపు వాటిని హోటల్ పట్టికలో కొత్త రుచులుగా అమ్ముకోగలదు. మరాఠ్వాడాలో మహర్, మాంగ్ కులాల వంటను షాహు పాటోళే 2015లో మరాఠీలో పుస్తకంగా తెచ్చారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాల, మాదిగ వాడల్లోనూ ఇంటింటికీ వెళ్ళి ఆ పని చేయాలి. చెప్పినామె ఒప్పుకుంటే, ప్రతి పద్ధతి కిందా ఆమె పేరు, ఊరు, ఆమెకు నేర్పినవాళ్ళ పేరు రాయాలి. అమ్మకానికి పెట్టేవాళ్ళు ఆ మూడింటినీ సీసా మీద అచ్చు వేయాలి.