పవర్ లేదని కలర్ లెన్స్ కొంటున్నారా? కళ్లు జాగ్రత్త!

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే గ్రే, గ్రీన్, హేజెల్ రంగుల కాంటాక్ట్ లెన్స్‌లకు గిరాకీ పెరుగుతుంది. ఫ్యాన్సీ షాపుల్లో, బ్యూటీ పార్లర్లలో లిప్‌స్టిక్, గాజుల పక్కనే వీటినీ పెట్టి అమ్మేస్తున్నారు. ఆన్‌లైన్‌లోనూ సులువుగా దొరుకుతున్నాయి. 'పవర్ లేదు కదా, ఏమవుతుందిలే' అని చాలామంది కొనేస్తారు. కానీ అసలు ముప్పు పవర్‌తో కాదు. ఆ లెన్స్ కంటికి సరిపోయిందా, శుభ్రంగా ఉందా అన్నదే ముఖ్యం.

కొలత ఎందుకు?

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరే. అందులో రక్తనాళాలు ఉండవు. కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని అది గాలి నుంచే తీసుకుంటుంది. దాని వంపు అందరికీ ఒకేలా ఉండదు. అందుకే కంటి డాక్టర్ లేదా ఆప్టోమెట్రిస్ట్ ఆ వంపును కొలిచి, లెన్స్ పెట్టి చూసి, సరిపోయే సైజు రాసిస్తారు. కళ్లు పొడిబారే సమస్య ఉందేమో కూడా చూస్తారు. ఫ్యాన్సీ షాపులో ఇవేవీ జరగవు.

బిగుతైన లెన్స్ కంటికి గాలి ఆడనివ్వదు. వదులుగా ఉంటే రాసుకుని గీతలు పడతాయి. నాసిరకం వాటిలో రంగు పైపైనే ఉంటే లెన్స్ గరుకుగా మారుతుంది, క్రిములు సులువుగా అంటుకుంటాయి.

ఇన్ఫెక్షన్ వస్తే...

గీత పడిన చోట క్రిములు చేరితే కంట్లో పుండు పడుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తీవ్రంగా దెబ్బతీయగలదు. కుళాయి నీళ్లలో ఉండే అకాంథమీబా సోకితే చికిత్స నెలల తరబడి సాగుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ, అంటే వాడుకలో 'పువ్వు' మిగిలిపోవచ్చు. అది కంటిపాపకు ఎదురుగా ఉంటే చూపు మసకబారుతుంది. కొందరికి కార్నియా మార్పిడి తప్పదు. అలంకరణ లెన్స్‌లతో ఇలాంటి ఇన్ఫెక్షన్ల ముప్పు 16 రెట్లకు పైగా పెరుగుతుందని ఫ్రాన్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో 2005 నుంచి పవర్ లేని కలర్ లెన్స్‌లు కూడా వైద్య పరికరాలే. డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం అక్కడ నేరం. మన దేశంలోనూ కాంటాక్ట్ లెన్స్‌లు 2017 నాటి వైద్య పరికరాల నియమాల కిందికి వస్తాయి. ప్యాక్‌పై తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూడాలి. అవి లేకపోతే కొనొద్దు.

వాడాలనుకుంటే...

• ముందుగా కంటి పరీక్ష చేయించుకోవాలి. పెళ్లికూతురైతే పెళ్లికి కొన్ని వారాల ముందే వెళ్లడం మంచిది.
• చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకున్నాకే లెన్స్ ముట్టుకోవాలి.
• లెన్స్ సొల్యూషన్ మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లు, రోజ్ వాటర్, ఉమ్మి వాడొద్దు. పాత సొల్యూషన్ పారబోసి ప్రతిసారీ కొత్తది పోయాలి.
• అక్కాచెల్లెళ్లైనా, స్నేహితులైనా ఒకరి లెన్స్ ఇంకొకరు పెట్టుకోవద్దు. పార్లర్‌లో అద్దెకిచ్చేవి అసలే వద్దు.
• మేకప్‌కు ముందు పెట్టుకోవాలి, మేకప్ తుడిచే ముందు తీసేయాలి. లెన్స్‌తో నిద్రపోవద్దు, స్నానం చేయొద్దు.

కన్ను ఎర్రబడితే...

ఎరుపు, నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే లెన్స్ తీసేయాలి, మళ్లీ పెట్టొద్దు. సుర్మా, రోజ్ వాటర్, చనుబాలు లాంటివి కంట్లో వేయొద్దు. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకోవడమూ ప్రమాదమే, ఎందుకంటే స్టెరాయిడ్ చుక్కలు ఇన్ఫెక్షన్‌ను మరింత ముదరబెట్టగలవు. అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి. హైదరాబాద్‌లో మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆ లెన్స్‌నూ, దాని డబ్బానూ వెంట తీసుకెళ్లాలి. వాటిని పరీక్షిస్తే ఏ క్రిమి సోకిందో, ఏ మందు వేయాలో డాక్టర్లకు త్వరగా తెలిసే అవకాశం ఉంటుంది.