బొప్పాయి, మందార, పత్తి గింజ: ఎలుకల్లో సంతానశక్తి పరీక్షలు

మొక్కల సారాలను ఎలుకలు, కుందేళ్లు, కోతులకు ఇచ్చి వాటి గర్భధారణలో, వీర్యకణాల్లో వచ్చే మార్పులను కొలవడం ఔషధశాస్త్రంలో ఒక పాత శాఖ. ఇందులో పేరుకెక్కిన మొక్కల కోసం అడవులు గాలించనక్కర్లేదు. కూచిపూడి, మొవ్వ చుట్టుపక్కల ఏ పెరట్లో చూసినా బొప్పాయి, మందార కనిపిస్తాయి. మూడోది పత్తి, నందిగామ, జగ్గయ్యపేట నల్లరేగళ్ల పంట.

నెల తప్పిన కోడలికి కృష్ణా డెల్టా ఇళ్లలో చెప్పే తొలి జాగ్రత్తల్లో ఒకటి, బొప్పాయి జోలికి పోవద్దని. ఆసియాలో చాలాచోట్ల ఇదే మాట వినిపిస్తుంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఎలుకల మీద పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. కడుపుతో ఉన్న ఎలుకలకు ముగ్గిన పండు గుజ్జు ఇస్తే పిండాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పచ్చికాయకు గాటు పెడితే కారే పాల సంగతి వేరు. ఎలుక గర్భాశయపు కండరానికి ఆ పాలు తగిలించగానే, కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌కు ముడుచుకున్నట్టే అది ముడుచుకుంది. అంటే పెద్దల హెచ్చరిక పచ్చికాయ, దోరకాయల విషయంలో నిలిచింది. ముగ్గిన పండు మీది నింద మాత్రం ఎలుకల్లో రుజువు కాలేదు.

అదే కాయలోని గింజలు మగజీవాల మీద ఇంకో రకంగా పనిచేస్తాయి. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో క్లోరోఫాంతో తీసిన బొప్పాయి గింజల సారాన్ని కొండముచ్చులకు రోజూ కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున నోటిద్వారా ఇచ్చారు. 90 రోజులకు వీర్యంలో కణాలే లేకుండా పోయాయి. మందు ఆపిన 150 రోజులకు మళ్లీ మామూలు స్థితికి వచ్చాయి. ఇలా తిరిగి కోలుకోవడమే ఆ ఫలితానికి విలువ తెచ్చింది.

ఈ పరీక్షలకు ఎక్కువగా వాడేది తెల్ల ఎలుక. దాని ఋతుచక్రం 4, 5 రోజులే, గర్భం మూడు వారాలే కాబట్టి ఫలితం త్వరగా తేలుతుంది. ఆడ, మగ ఎలుకలను రాత్రి ఒకే బోనులో ఉంచి, తెల్లారాక ఆడ ఎలుక యోనిస్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. వీర్యకణాలు కనిపిస్తే అది గర్భానికి మొదటి రోజు. అక్కణ్నుంచి 7వ రోజు దాకా సారం ఇస్తారు. 10వ రోజున మత్తిచ్చి పొట్ట తెరిచి, గర్భాశయపు రెండు కొమ్ముల్లో పిండాలు అంటుకున్న చోట్లు లెక్కపెడతారు. మగ ఎలుకల విషయంలో తొందర పనికిరాదు. వాటిలో వీర్యకణం తయారవడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. కాబట్టి పూర్తి ప్రభావం తెలియాలంటే రెండు నెలలైనా మందు ఇవ్వాలి.

మందార మీద 1970ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పని జరిగింది. పూల నుంచి బెంజీన్‌తో తీసిన సారం ఎలుకల్లో పిండం అంటుకోకుండా అడ్డుకుంది. ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. బెంజీన్ కొవ్వు స్వభావం ఉన్న పదార్థాలను లాగుతుంది, నీళ్లు వేరేవాటిని లాగుతాయి. తలకు రాసుకునే మందారాకు ముద్దకూ, పూలతో కాచిన నీళ్లకూ ఆ ఫలితాన్ని అంటగట్టడం అన్యాయం.

పత్తి గింజ కథ తిరగబడి నడిచింది. మనుషుల్లో కనిపించింది ముందు, జంతువుల్లో పరీక్షించింది తర్వాత. చైనాలో శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన పల్లెల్లో కాన్పులు తగ్గాయి. కారణం గాసిపోల్ అనే పసుపు పదార్థం. 1970ల్లో మొదలైన పరీక్షల్లో వేలమంది మగవాళ్లు దాన్ని మాత్రగా మింగారు. వీర్యకణాలు తగ్గాయి గానీ, కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లూచేతులూ చచ్చుబడ్డాయి. మరికొందరికి సంతానశక్తి తిరిగి రానేలేదు. జంతువుల్లోనూ ఫలితం ఒకేలా లేదు. హామ్‌స్టర్ త్వరగా లొంగింది, ఎలుక కొంత ఆలస్యంగా, కుందేలు దాదాపు లొంగనే లేదు. కుందేలుతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ గుణం బయటపడేదే కాదు. పాడిగేదెలకు పత్తిచెక్క పెట్టే రైతుకు ఇందులో పెద్ద బెంగ అక్కర్లేదు. నెమరువేసే పశువుల తొలి పొట్టలో గాసిపోల్ చాలావరకు ప్రొటీన్లతో కలిసి బంధం పడుతుంది. విత్తనపు ఎద్దులకు ఎక్కువ పెడితే మాత్రం వీర్యకణాలు దెబ్బతింటాయి.

తెలుగునాట ఇలాంటి పరిశోధనలకు ఎలుకలు సమకూర్చిన పెద్ద వనరు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. జంతువుల మీద ఏ ప్రయోగం చేయాలన్నా 1998 నాటి నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ 1960ల నుంచి వందలాది భారతీయ మొక్కలను జల్లెడ పట్టింది. ఆ పరీక్షల్లో సంతాన నిరోధక గుణమూ ఒక అంశం. అదే సంస్థ తయారుచేసి, 1991లో ‘సహేలీ’ పేరుతో బజారుకు పంపిన గర్భనిరోధక మాత్ర సెంట్‌క్రోమన్ మాత్రం మొక్కల సారం కాదు, కృత్రిమ రసాయనం. ఇప్పుడది ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి వేసుకోవాలి.