ఒకే మాట, ఎన్నో లావాదేవీలు: కోలారు సీమలో ‘గుత్త’

కోలారు జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థికి మూడు భాషల పరిచయం తప్పదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, బంగారు గనుల ఊళ్లలో తమిళం. ఈ మూడు భాషలలోనూ వినబడే మాట ఒకటుంది. తెలుగులో గుత్త, కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై. రూపం చూస్తే ఒకే ఇంటి బిడ్డలని తెలుస్తూనే ఉంది. అర్థం దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మామిడి తోటలో, చెరువు గట్టున, గనిలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ మాట ఒకే పని చేయదు. ఆ తేడాలు ఎలా ఏర్పడ్డాయో, అవి ఎవరి జీవితాలను తాకాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాట సంగతి. బరో, ఎమెనోలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) ఈ రూపాలన్నిటినీ ఒకే కుదురులో చేర్చింది. మలయాళంలోని కుత్తక కూడా ఈ కుటుంబంలోదే. విజయనగర కాలపు కన్నడ శాసనాలలో ‘గుత్తగె’ అన్న రూపం కనిపిస్తుంది. అయితే నేటి వాడుకలో నాలుగు భాషలు నాలుగు దారులు పట్టాయి. తమిళంలో కుత్తగై అనగానే ముందుగా తోచేది భూమి కౌలు. కన్నడంలో గుత్తిగె అంటే కాంట్రాక్టు. మలయాళ పత్రికలలో కుత్తక అంటే ఏకఛత్రాధిపత్యం. తెలుగులో ఈ అర్థాలన్నీ కలిసే ఉన్నాయి. పల్లెలో గుత్తకు ఇవ్వడం కౌలు వంటిది. పత్రికలలో గుత్తేదారు అంటే కాంట్రాక్టరు. అర్థశాస్త్రంలో గుత్తాధిపత్యం వేరు. ‘దేశభక్తి ఎవరి గుత్తసొత్తూ కాదు’ అనే ఉపన్యాసకుడి గుత్త మరీ వేరు.

ఇన్ని అర్థాల కింద ఒక మూలార్థం ఉన్నదా? ఉన్నదని చెప్పడానికి శ్రీనివాసపురం మామిడి తోటలు చాలు. చెట్టు పూత మీద ఉండగానో, పిందె పడగానో వ్యాపారి వచ్చి తోటంతా చూసి, ఆ ఏటి కాపుకు మొత్తంగా ఒక ధర కడతాడు. తరువాత వడగళ్లు పడి పిందె రాలినా, గాలికి కాయ రాలినా నష్టం వ్యాపారిదే. ధర పెరిగితే లాభమూ అతనిదే. రైతుకు రావలసింది ముందే తేలిపోయింది. ఇదే గుత్త స్వభావం: మొత్తం ముందే స్థిరపడుతుంది, ఆపైన మిగిలేదీ తగిలేదీ గుత్తకు తీసుకున్నవాడివి. పాలుకు, కోరుకు చేయడానికీ గుత్తకూ ఇక్కడే తేడా. పాలులో పంట తగ్గితే ఇద్దరికీ తగ్గుతుంది. గుత్తలో ఒక్కరికే తగ్గుతుంది.

చెరువులో చేపలు, ఊరి చింతచెట్ల కాపు, సంతలో వసూలు చేసే సుంకం, వీటన్నిటినీ వేలం వేసి గుత్తకు ఇవ్వడం ఈ సీమలో పాత ఆచారం. సారా గుత్త కూడా ఈ తరగతిదే. ఆంధ్రప్రదేశ్‌లో 1993లో, కర్ణాటకలో 2007లో సారా నిషేధంతో అది ముగిసింది. ఈ గుత్తలన్నిటిలో ఒక సామాన్య లక్షణాన్ని విద్యార్థులు గమనించాలి. గుత్తకు తీసుకున్నవాడు డబ్బు ఇస్తాడు, హక్కు పొందుతాడు. వేలంలో ఎక్కువ పాడినవాడిదే పాట. ఆ హక్కులోకి మరొకరు రాకూడదు కనుకనే ఈ మాటకు గుత్తాధిపత్యం అనే అర్థం సహజంగా అబ్బింది.

ఇక గనుల వైపు వద్దాం. న్యూజిలాండ్ యుద్ధాలలో పనిచేసి బెంగుళూరు చేరిన ఐరిష్ సైనికుడు మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ కోలారులో గనులు తవ్వే ప్రత్యేక హక్కును 1875లో ఇరవై ఏళ్లకు పొందాడు. మైసూరు అప్పుడు బ్రిటిష్ కమిషనర్ల పాలనలో ఉంది. కొద్ది ఏళ్లకే ఆ హక్కు లవెల్ చేయి దాటిపోయింది. 1880ల నుంచి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నిర్వహణలో మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు పేరు పొందాయి. ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య ఉన్న ఈ ఏర్పాటును లీజు అన్నారు. మన మాటల్లో చెబితే ఇది సగం గుత్త, సగం పాలు. ఇతరులు రాకూడని హక్కు అంతవరకు గుత్త. ఉత్పత్తి అయిన బంగారం విలువలో శాతంగా రాయల్టీ చెల్లించడం పాలుకు చేయడం వంటిది.

గని లోపల ఇదే మాట తలకిందులైంది. టేలర్ కుటుంబానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనులతో అంతకుముందే సంబంధం ఉంది. కోలారుకు కార్న్‌వాల్ నుంచి గనిపనివారు కూడా వచ్చారు. కార్న్‌వాల్‌లో పనిని రెండు విధాలుగా ఒప్పగించేవారు. ట్రిబ్యూట్ పద్ధతిలో గనివాడి ముఠా తాము తీసిన ఖనిజం విలువలో భాగం తీసుకునేది. టట్‌వర్క్ పద్ధతిలో తవ్విన కొలతను బట్టి కూలి తీసుకునేది. రెండింటికీ వేలం ఉండేది. కాని అది తక్కువకు పాడేవాడికి దక్కే వేలం. కోలారు గనులలోనూ కూలీలను కూర్చి పని చేయించే కాంట్రాక్టర్లు ముఖ్యమైన పాత్ర వహించారు. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు వంటి పరిసర జిల్లాల నుంచి తమిళులు, తెలుగువారు ఈ గనులకు వచ్చారు.

చెరువు గుత్తేదారు డబ్బు కట్టి హక్కు కొంటాడు. పని గుత్తేదారు బాధ్యత నెత్తికెత్తుకుని డబ్బు పుచ్చుకుంటాడు. మొదటి వేలంలో ఎక్కువ పాడినవాడు గెలుస్తాడు, రెండవ దానిలో తక్కువ పాడినవాడు. డబ్బు ప్రవహించే దిక్కు మారినా మాట మారలేదు. ఎందుకంటే మూలార్థం నిలిచే ఉంది: మొత్తం ముందే స్థిరం, మిగులు గుత్తేదారుది. మామిడి తోటలో ఆ మిగులు వానను, బజారును బట్టి వస్తుంది. పని గుత్తలో అది ఎక్కువగా కూలి ఎంత తగ్గించగలిగాడన్న దానిని బట్టి వస్తుంది.

మూడవ మలుపు మరీ ముఖ్యమైనది. కన్నడంలో ‘గుత్తిగె కార్మిక’ అంటే గుత్తేదారు ద్వారా వచ్చిన పనివాడు. ఇతడు ఏ గుత్తకూ పాడలేదు. మిగులు అతనిది కాదు. ఒప్పంద పత్రం కంపెనీకీ గుత్తేదారుకూ మధ్య ఉంటుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఈ ముక్కోణాన్ని గుర్తించింది. గని విషయంలో యజమాని, ఏజెంటు, పేరు పెట్టి నియమించిన మేనేజరు ప్రధాన యజమాని కిందికి వస్తారన్నది. గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలన్నది. అదే కన్నడంలో ‘గుత్తిగె ఉపన్యాసక’ అంటే కాలేజీలో నిర్ణీత కాలానికి తీసుకున్న అధ్యాపకుడు. ఇతను తన ఒప్పందం మీద తానే సంతకం చేసినవాడు. ఇద్దరికీ ఒకటే విశేషణం, ఇద్దరి హక్కులు వేరు. ఇక్కడ మూలార్థం పూర్తిగా జారిపోయి, ‘ఖాయం కానిది’ అన్న ఒక్క అర్థమే మిగిలింది.

ఈ జారుడు నిఘంటువులో ఆగిపోయేది కాదు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28తో ఆ సంస్థ మూతపడింది. మూడు కిలోమీటర్లకు మించిన లోతు నుంచి బంగారం తెచ్చిన ఊరి బిడ్డలు ఉదయపు రైళ్లలో బెంగుళూరు పనులకు వెళ్లసాగారు. వాటిలో గుత్తిగె పనులు తక్కువేమీ కావు. 2020 డిసెంబరు 12న కోలారు జిల్లా నరసాపురంలోని విస్ట్రాన్ ఫోన్ల ఫ్యాక్టరీలో జీతాల మీద పెద్ద అలజడి జరిగింది. అక్కడి కార్మికులలో ఎక్కువమంది సిబ్బందిని సరఫరా చేసే సంస్థల ద్వారా వచ్చినవారు. కొందరికి జీతం సరిగా, సకాలంలో అందలేదని ఆ కంపెనీయే తరువాత ఒప్పుకుంది. తన జీతానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు ‘గుత్తిగె’ అన్న మాట సమాధానం చెప్పదు.

కనుక ఈ మాట ఎదురైనప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు? నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది? పత్రం మీద ఎవరి పేర్లున్నాయి? పాత దస్తావేజును చదివేటప్పుడు ఎంత అవసరమో, ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడూ ఈ ప్రశ్నలు అంతే అవసరం. మరొక పని కూడా మీ చేతుల్లోనే ఉంది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట ప్రాంతాల పెద్దలు గుత్త, కౌలు, కోరు, పాలు అనే మాటలను ఏ పనికి ఏది వాడతారో అడిగి రాసుకోండి. చింతచెట్టుకు ఒక మాట, చేనుకు ఒక మాట వాడే తరం ఇంకా మన మధ్య ఉంది. వారి నోట విన్నది విన్నట్టు, ఊరి పేరుతో సహా రాసిపెడితే అది రేపటి పరిశోధనకు పనికివస్తుంది.