నాగలి లేపిన దుమ్ము

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఓక్లహామా రాష్ట్రానికి పశ్చిమపు కొసన సన్నని పట్టీవంటి భూభాగమొకటి ఉన్నది. ఆ పట్టీ చివర బాయిస్ సిటీ అనే చిన్న పట్టణం. చెట్లతో నిండినది అనే అర్థంగల ఫ్రెంచి మాట నుండి వచ్చినది ఆ పేరు. 1908లో అక్కడ ఇళ్లస్థలాలు అమ్మిన వ్యాపారులు చెట్లనీడల వీధులను కాగితాలపై చూపి జనానికి ఆశపెట్టినారు. కొన్నవారు వచ్చి చూస్తే కనుచూపుమేర గడ్డి తప్ప మరేమీ లేదు. ఆ గడ్డి విలువ ఎంతటిదో పాతికేళ్ల తరువాత గాని ఊరివారికి బోధపడలేదు.

అది వాన తక్కువ, గాలి ఎక్కువ అయిన ప్రదేశం. సంవత్సరం మొత్తం మీద కురిసేది 20 అంగుళాలకు లోపే; మన అనంతపురంకన్న తక్కువ. అటువంటి చోట వేల ఏండ్లుగా నేలను కాపాడినది ఆ పొట్టిగడ్డి వేళ్ల అల్లిక. ఎన్నో అనావృష్టులు వచ్చి పోయినా మన్ను కదలలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఐరోపాకు గోధుమలు కావలసి వచ్చినవి. బుషెలుకు రెండు డాలర్లకు తగ్గని ధరను అమెరికా ప్రభుత్వం పూచీపడినది. 1920ల నాటికి ట్రాక్టరు, పళ్లేల నాగలి వచ్చినవి. లక్షలాది ఎకరాల గడ్డినేల గోధుమ చేలుగా మారినది. 1929 తరువాత ఆర్థికమాంద్యం వచ్చి, గోధుమ ధర అర డాలరుకన్న దిగజారినది. అప్పు తీరాలంటే మరింత పండించాలి, మరింత పండించాలంటే మరింత దున్నాలి. సరిగా ఆ సమయంలోనే వానలు ముఖం చాటువేసినవి. పైరు మొలవని చేలు బోడిగా మిగిలినవి.

బోడినేల మీద గాలి చేసే పని ఇట్టిది. ముతక ఇసుకరేణువులు దొర్లుతూ, ఎగిరిపడుతూ సన్నని మన్నును తాకి లేపుతవి. వెంట్రుక మందంలో పదోవంతైనా లేని ఆ నలుసులు రోజుల తరబడి గాలిలో తేలి, ఊపిరితోబాటు రొమ్ము లోపలిదాకా పోతవి. ఊరివారు కిటికీలకు తడిదుప్పట్లు కట్టినారు. భోజనవేళ దాకా పళ్లేలు బోర్లించి ఉంచినారు. అయినా పసిపిల్లలూ వృద్ధులూ దగ్గుతో మంచం పట్టినారు. దానికి ‘దుమ్ము న్యుమోనియా’ అని పేరు వచ్చినది. రెడ్‌క్రాస్ సంస్థ తాత్కాలిక వైద్యశాలలు తెరచి, గుడ్డ ముసుగులు పంచిపెట్టినది. 1934 మే నెలలో ఆ ధూళి న్యూయార్కు దాటి అట్లాంటిక్ సముద్రంలోని ఓడల మీద కూడా పడినది.

1935 ఏప్రిల్ 14, ఆదివారం. ఉదయమంతా ఆకాశం నిర్మలంగా ఉన్నది. సాయంకాలానికి ఉత్తరాన్నుండి నల్లని ధూళికొండ కదలివచ్చినది. దాని ముందు పక్షులు గుంపులుగా పారిపోయినవి. మనిషి తన చేయి తాను చూచుకోలేని చీకటి ఊరిని కమ్మినది. మరునాడు రాబర్ట్ గైగర్ అనే విలేఖరి పంపిన వార్తతో ‘దుమ్ముగిన్నె’ అనే మాట ఆ ప్రాంతానికి స్థిరపడినది.

ఇది దైవం వేసిన శిక్ష అని అనేకులు నమ్మినారు. నేలకోత జాతికి ముప్పు అని 1928 నుండీ హెచ్చరిస్తున్న హ్యూ బెన్నెట్ అనే భూశాస్త్రవేత్త మాత్రం దోషం సేద్యపద్ధతిలో ఉన్నదన్నాడు. ఏప్రిల్ 27న అమెరికా శాసనసభ భూసంరక్షణ చట్టం చేసినది. వాలుకు అడ్డంగా దున్నడం, కోసిన మోళ్లను నేలపై వదలడం, బీడును తిరిగి గడ్డికి అప్పగించడం రైతులకు నేర్పినారు. 1942 నాటికి గాలికి అడ్డుగా రమారమి 22 కోట్ల చెట్లు నాటినారు.

నేటి శాస్త్రజ్ఞులు ఈ తీర్పుకు మరొక అంశం చేర్చినారు. వానలు తప్పడానికి మూలం దూరపు సముద్రాలలో ఉన్నది: పసిఫిక్ జలాలు కొంత చల్లబడి, అట్లాంటిక్ జలాలు కొంత వేడెక్కినవి. కాని చేలనుండి లేచిన ధూళి ఎండను అడ్డి, ఉన్న కరవును మరింత ముదరబెట్టినది. కరవు దుమ్మును పెంచినది. దుమ్ము కరవును పెంచినది.

1950లలో కరవు తిరిగి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు ధరలకు ఆశపడి మళ్లీ దున్నిన చోట్ల దుమ్మూ తిరిగి లేచినది. 2011 నుండి మరొక తీవ్రమైన అనావృష్టి వచ్చినప్పుడు ధూళి లేచినా, 1935 నాటి భీకరరూపం దాల్చలేదు. 1985 నాటి చట్టం ప్రకారం ప్రతిఫలం పుచ్చుకొని రైతులు గడ్డికి విడిచిన భూములు అందుకు కొంత తోడ్పడినవి.

వాన రాకడ ఏ రైతు చేతిలోనూ లేదు. వాన రాని ఏట చేనిమీద గడ్డో మోడో మిగిలి ఉన్నదా అన్నదే ఊరి ఊపిరిని నిర్ణయించినది. ఆ గడ్డిని మిగల్చనీయనిది రైతు అవివేకం ఒక్కటే కాదు. గోధుమ ధర, తీరని అప్పు కూడా అందులో పాలు పంచుకొన్నవి.