మెయిన్ దించు, బాబాయ్

ఉంగరం తీసి జేబులో వేసుకోండి. వాచీ కూడా. చేతికి రాగి కడియం ఉంటే అదీ తీసేయండి. ఈ గదిలో కాలు పెట్టిన వాళ్ళెవరికైనా సర్వీసు ఇంజనీరు చెప్పే మొదటి మాట ఇదే. డాక్టరమ్మ వచ్చినా ఇదే మాట చెబుతాడు, సామాను మోసే కుర్రాడికీ ఇదే చెబుతాడు.

పల్నాడులో ఒక పట్టణం, మే నెల. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో వినబడే రెంటచింతల ఇక్కడికి దూరమేమీ కాదు. పొద్దున తొమ్మిది కాకముందే బయటి గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఆసుపత్రి మొదటి అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకోసం కొత్త వార్డు సిద్ధమైంది. వరసగా వార్మర్లు నిలబెట్టి ఉన్నాయి, వాటి మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. బిడ్డల్ని తీసుకురావాలంటే కింద ఈ గదిలో పని పూర్తి కావాలి. ఆ బిడ్డలకు ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, పుట్టిన వేడిని నిలుపుకునే శక్తీ తక్కువే. నెత్తి మీద వార్మరు ఆగితే ఒళ్ళు చల్లబడడం మొదలవుతుంది. కరెంటు పోయిందని వాళ్ళకు మనం ఏం చెప్పగలం?

గది మధ్యలో బీరువా అంత లేదు గానీ, దాదాపు దాని సగం ఎత్తున, కరెంటు పోతే బ్యాటరీల నుంచి సరఫరా ఇచ్చే యూపీఎస్ నిలబడి ఉంది. 10 కేవీఏది. దాని పక్కన ఇనప రాకు, గోడవారగా అట్టపెట్టెల్లో బ్యాటరీలు. ఒక్కోటి 12 వోల్టులు, 42 ఆంపియర్ అవర్లు, బరువు పదమూడు, పద్నాలుగు కిలోలు. ఇరవై కలిస్తే దాదాపు రెండొందల డెబ్భై కిలోలు. అందుకే వీటిని కింది అంతస్తులో పెట్టించారు.

“టెర్మినల్ పట్టుకుని లేపకు తమ్ముడూ, కింద చెయ్యి పెట్టు” అంటున్నాడు ఇంజనీరు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచడు. కుర్రాడు ఒక్కో బ్యాటరీనీ రాకులో దించుతున్నాడు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వేలు పట్టేంత సందు వదులుతున్నాడు. గాలి ఆడాలి. ఇవి సీలు చేసిన బ్యాటరీలే, నీళ్ళు పొయ్యనక్కర లేదు. అయినా ఛార్జింగు ఎక్కువైతే హైడ్రోజన్ బయటికి వస్తుంది. ఆ వాయువు మూసిన గదిలో పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. పై గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యానును ఇంజనీరు అందరికంటే ముందొచ్చి తిప్పి చూసుకున్నది అందుకే.

ఇప్పుడు మీటరు చేతికొచ్చింది. బిగించకముందే ఒక్కో బ్యాటరీ వోల్టేజీ కొలవాలి. కుర్రాడు చెబుతున్నాడు, మీరు నోటుపుస్తకంలో రాసుకోండి.

“12.91 అన్నా. ఇది 12.89. ఇది 12.92.”

పద్నాలుగో బ్యాటరీ దగ్గర అతని గొంతు ఆగింది. “12.2 అన్నా.”

“తీసి పక్కన పెట్టు. స్పేరుది ఎక్కించు.”

కొత్తదే కదా, ఛార్జి చేస్తే సర్దుకోదా అని మీకు అనిపిస్తుంది. సర్దుకోవచ్చు. కానీ ఇరవై బ్యాటరీలూ వరసగా ఒకే తీగలో ఉంటాయి, అన్నిటి గుండా పోయేది ఒకే కరెంటు. ఒక కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి చతికిలబడితే రెండోదాని బలం ఎందుకూ కొరగాదు. నీరసమైన బ్యాటరీ ముందే ఖాళీ అయిపోతుంది, మంచివి దాన్ని తలకిందులుగా ఛార్జి చేస్తూ పాడు చేస్తాయి. ఇంజనీరు ఇంకో పని కూడా చేశాడు. పెట్టెల మీది తయారీ తేదీలు చూసి ఇరవైయ్యీ ఒకే నెలవని రూఢి చేసుకున్నాడు.

బిగింపు మొదలైంది. స్పానరు పిడి పొడవునా ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. ఇరవై బ్యాటరీలను వరసలో కలపాలంటే పంతొమ్మిది లింకులు కావాలి. కుర్రాడు చివరి నుంచి బిగించుకుంటూ వస్తూ నడిమి లింకు ఒక్కటి వదిలేశాడు. మరిచిపోయి వదల్లేదు. ఆ ఒక్కటి లేనంతసేపు వరస రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కలో 129 వోల్టులే. అది కూడా కలిపితే మొత్తం 258 వోల్టుల డీసీ. బ్యాటరీకి మెయిన్ స్విచ్ ఉండదు, ఆపుదామంటే ఆగదు. మన ఇళ్ళలోని ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది గనక, తీగ తప్పిస్తే మంట తెగే వీలుంది. డీసీకి ఆ సున్నా లేదు. మంట పుట్టిందా, సాగుతూనే ఉంటుంది. బ్యాటరీల వరసకూ యూపీఎస్‌కూ మధ్య పెట్టిన బ్రేకరు మీద డీసీ అని రాసి ఉందో లేదో మీరూ వంగి చూడండి. ఏసీకి చేసిన మామూలు ఎంసీబీ బ్రేకరును ఇక్కడ పెట్టే వాళ్ళున్నారు. అది డబ్బు ఆదా కాదు, ప్రాణాలతో చెలగాటం.

బ్యాటరీల పని ఓ కొలిక్కి వచ్చాక ఇంజనీరు ప్యానెల్ బోర్డు దగ్గరికి నడిచాడు. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ అక్కడే ఉన్నాడు. తల నెరిసిన మనిషి, అందరికీ బాబాయ్. మూడు ఫేజులూ సరిగ్గానే ఉన్నాయి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు పెడితే 9 వోల్టులు చూపించింది. ఒకటి, రెండు వోల్టులకు మించి ఉండకూడని చోట తొమ్మిది.

“ఎర్తుపిట్టులో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది బాబాయ్?”

“వానాకాలంలో తడిసిందే బాబూ. మళ్ళీ పొయ్యలేదు.”

భవనం వెనక ఎండలోకి వెళ్ళారు. మీరూ వెళ్ళండి. మూత ఎత్తితే లోపల మట్టి పొడిపొడిగా ఉంది. నాలుగు బిందెలు పోశారు. మట్టి గుటగుటా తాగేసింది. లోపలికి వచ్చి కొలిస్తే 7. ఇంకా ఎక్కువే. ఇంజనీరు సప్లయ్ ఆపించి ప్యానెల్‌లో న్యూట్రల్ లింకు స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు. అర చుట్టు తిరిగింది. తీగ చివరి లగ్గు అంచు నల్లబడి ఉంది. దాన్ని కోసి కొత్త లగ్గు క్రింపు చేసి బిగించాక 1.4 వోల్టులు. ఆ న్యూట్రల్ ఏదో ఒక రోజు ఊడిపోయి ఉంటే మూడు ఫేజుల మీదున్న పరికరాల్లో కొన్నిటికి 230 బదులు 400కు దగ్గరగా వెళ్ళేది. యూపీఎస్ పెట్టడానికి వచ్చిన మనిషి, యూపీఎస్ ముట్టుకోకముందే చేసిన మేలు ఇది. ఈ పనిలో సగం కష్టం పెట్టెకు బయటే ఉంటుంది.

మధ్యాహ్నం మూడు. ఇన్‌పుట్ బ్రేకరు ఎక్కించారు. ఫ్యాన్లు బుస్సుమన్నాయి, తెర వెలిగింది. బ్యాటరీ బ్రేకరు మాత్రం ఇంకా దించే ఉంది. లోపలి కెపాసిటర్లు నెమ్మదిగా నిండి డీసీ వోల్టేజీ పైకి లేవాలి. అవి ఖాళీగా ఉండగా బ్యాటరీ కలిపితే ఒక్క ఉదుటున కరెంటు దూసుకెళ్ళి బ్రేకరు లోపలి కొనలు కాలిపోతాయి. ఇంజనీరు నడిమి లింకు తానే బిగించాడు. బ్రేకరు అటూ ఇటూ మీటరు పెట్టి, ప్లస్సుకు ప్లస్సే ఎదురుగా ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. గదిలో ఎవరూ మాట్లాడడం లేదు.

టక్.

తెర మీద ఛార్జింగు కరెంటు 4 ఆంపియర్లు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు, సరిగ్గా ఉండాల్సినంత. వోల్టేజీ మెల్లగా 272 వైపు నడుస్తోంది. అంటే ఒక్కో బ్యాటరీకి 13.6.

“అయిపోయినట్టేగా? రేపు ప్రారంభం పెట్టుకోవచ్చా?” అని ఆఫీసు నుంచి వచ్చినాయన అడిగాడు.

“లేదు సార్. రాత్రంతా ఛార్జి కానివ్వండి. రేపు పరీక్ష.”

నాకు నచ్చిన మాట అదే. లైట్లు వెలిగి, తెర మీద ఆకుపచ్చ గుర్తు కనబడగానే సంతకం పెట్టించుకుని బస్సెక్కే వాళ్ళు తక్కువ కాదు. ఛార్జి అయిన బ్యాటరీ, చచ్చిపోయిన బ్యాటరీ, రెండూ మీటరు మీద ఒకేలా కనబడగలవు. బరువు ఎత్తితేనే తేడా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున లోడ్ బ్యాంకు వచ్చింది. హీటర్ కాయిళ్ళు నింపిన ఇనప పెట్టె అది. 5 కిలోవాట్లు తాగుతుంది, పై వార్డులో వార్మర్లు, మానిటర్లు, ఫోటోథెరపీ లైట్లు కలిసి లాగుతాయని లెక్క వేసినంత. యూపీఎస్ అవుట్‌పుట్‌కు దాన్ని కలిపారు. కాయిళ్ళు ఎర్రగా కాగాయి, వేడి మీ మొహానికి తగులుతోంది.

“మెయిన్ దించు, బాబాయ్.”

గదిలో ఏసీ మిషను ఆగిపోయింది. వరండాలో ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి. కాయిళ్ళను చూడండి, ఆ ఎరుపు కాస్తయినా తగ్గలేదు. మన ఇళ్ళ ఇన్వర్టర్ మారేటప్పుడు లైటు ఒక్కసారి కొట్టుకుంటుంది. ఇది ఆన్‌లైన్ యూపీఎస్. మెయిన్ ఉన్నా లేకపోయినా వార్డుకు వెళ్ళే కరెంటును ఇది ఎప్పుడూ డీసీ నుంచే తయారు చేస్తుంది. మారడమంటూ లేదు గనక తెగడమూ లేదు. కొన్ని సెకన్లకోసారి కీచుమంటూ, బ్యాటరీ మీద ఉన్నానని అది గుర్తు చేస్తోంది.

వోల్టేజీ 272 నుంచి ఒక్కసారిగా 245కు జారింది. భయపడకండి, బరువు పడగానే అలాగే జారుతుంది. కుర్రాడు అయిదు నిమిషాలకోసారి రాస్తున్నాడు. ఇంజనీరు చేతిలో ఉష్ణోగ్రత చూపించే గన్ను, దాన్ని లింకుల మీదుగా ఒక్కోటీ నడిపిస్తున్నాడు. 38, 39, 38. ఏడో బ్యాటరీకీ ఎనిమిదో బ్యాటరీకీ మధ్య 61.

“ఆపెయ్.”

కరెంటు పారుతుండగా అక్కడ స్పానరు పెట్టడు. మెయిన్ ఎక్కించి, యూపీఎస్ ఆపి, బ్యాటరీ బ్రేకరు దించి, మళ్ళీ నడిమి లింకు విప్పాకే ఆ బోల్టు విప్పాడు. వాషరు లగ్గు పైన ఉండాలి. ఇక్కడ లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్యలో ఇరుక్కుని ఉంది. చేత్తో లాగితే గట్టిగానే ఉంది, కంటికీ బాగానే కనబడింది. కరెంటు మాత్రం సీసం మీది నుంచి రాగిలోకి నేరుగా పోలేక, ఆ పల్చటి ఉక్కు బిళ్ళలోంచి పోతూ కాగింది. అలాంటి చోట నెలల తరబడి నడిస్తే టెర్మినల్ కరిగి నిప్పు అంటుకోవచ్చు. కుర్రాడు తలదించుకున్నాడు. ఇంజనీరు వాషరు అతని అరచేతిలో పెట్టి, “ఇంకోసారి అన్నీ చూద్దాం పద” అన్నాడు. పంతొమ్మిది లింకులూ విప్పి చూసి టార్కు రెంచితో బిగించారు. బ్యాటరీలను మళ్ళీ ఛార్జికి వదిలారు.

మూడో రోజు. మెయిన్ దించారు. ఈసారి లింకులన్నీ 40 లోపే. అరగంటకు 237, యాభై నిమిషాలకు 228. ఆ తర్వాత దిగుడు వేగం పెరిగింది. కీచు కూడా ఎడతెగకుండా మోగుతోంది. ఒక గంటా ఆరు నిమిషాలకు 210 వోల్టుల దగ్గర యూపీఎస్ తనంతట తాను ఆగింది. ఒక్కో బ్యాటరీ 10.5కు వచ్చింది, అంతకంటే కిందికి పిండితే దానికి నష్టం.

42 ఆంపియర్ అవర్లంటే 22 ఆంపియర్లు లాగినా దాదాపు రెండు గంటలు రావాలి కదా అని లెక్క వేస్తున్నారా? ఆ 42 అనేది ఇరవై గంటలపాటు నెమ్మదిగా, 2.1 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే వచ్చే లెక్క. గంటలో లాగేస్తే సగానికి కాస్త పైన మాత్రమే దొరుకుతుంది. బ్యాటరీలు కొనేటప్పుడు చాలామంది మోసపోయేది ఈ ఒక్క అంకె దగ్గరే. ఇక్కడ గంట కావాలని ముందే రాసుకుని ఆ లెక్కతో కొన్నారు, గంట వచ్చింది. కరెంటు పోతే ఆసుపత్రి జనరేటరు అందుకోవడానికి కొన్ని సెకన్లు చాలు. అది మొరాయిస్తే మనిషి వెళ్ళి చూడడానికి, బిడ్డల్ని మరో చోటికి చేర్చడానికి ఈ గంట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు రోజుల తరబడి రాలేదు. అలాంటి రోజులకు జనరేటరూ డీజిలూ కావాలి, బ్యాటరీ ఆ పని చెయ్యదు.

జనరేటరు మీద ఒకసారి నడిపి చూశారు, యూపీఎస్‌ను తప్పించి మెయిన్ నేరుగా ఇచ్చే బైపాస్‌కు మార్చి లోడు తెగకుండా ఉందని చూశారు. ఇవి చకచకా అయిపోయాయి.

చివరగా ఇంజనీరు వార్డు ఇన్‌ఛార్జి నర్సునూ, బాబాయ్‌నీ గదిలోకి పిలిచి గోడ మీది థర్మామీటరు చూపించాడు. “సిస్టర్, ఈ గదిలో ఏసీ ఆపొద్దు. 25 డిగ్రీల దగ్గర అయిదేళ్ళు బతికే బ్యాటరీ, 35 దగ్గర అందులో సగమే బతుకుతుంది. బాబాయ్, మూడు నెలలకోసారి మెయిన్ దించి పావుగంట నడిపి, ఇరవై బ్యాటరీల వోల్టేజీలూ ఈ రిజిస్టరులో రాయి. దించే ముందు పైన సిస్టరుకు చెప్పు, జనరేటరు దగ్గర మనిషిని నిలబెట్టు.” మొదటి పేజీలో మూడో రోజు అంకెలు ఉన్నాయి. కింద ముగ్గురి సంతకాలు.

మీ ఊరి ఆసుపత్రిలోనూ ఇలాంటి గది ఒకటి ఉంటుంది. అభివృద్ధి కమిటీలో మీకు తెలిసినవాళ్ళుంటే, యూపీఎస్ ఉందా అని అడగకండి, ఉందనే చెబుతారు. బ్యాటరీలను లోడు మీద చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఎన్ని నిమిషాలు నిలబడ్డాయో అడగండి. రిజిస్టరు తెరిచి తేదీ చూపించమనండి.